బ్రేకు పట్టేసింది, పెడలు మెత్తబడింది!

పాత బండి ఇంట్లో ఉన్నవారికి రెండు రకాల బ్రేకు బాధలు ఎప్పుడో ఒకప్పుడు తప్పవు. కాలు తీసినా బ్రేకు వదలకపోవడం ఒకటి. కాలు వేస్తే పెడలు దూదిమూటలా లోపలికి పోవడం రెండోది. మొదటిది బ్రేకు ఎక్కువై వచ్చిన బాధ, రెండోది తక్కువై వచ్చిన బాధ. రెండూ ఒకే బండికి ఒకేసారి వస్తే, అజీర్ణమూ ఆకలీ కలిపి చెప్పుకునే రోగిని చూసిన వైద్యుడిలా మెకానిక్కు కూడా తికమకపడతాడు. కాని చాలాసార్లు ఇవి రెండు జబ్బులు కావు. ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. ఈ సంగతి మా బావగారి బండి పుణ్యమా అని నాకు తెలిసివచ్చింది.

అది ఏడుగురు కూర్చునే ఎస్.యు.వి. వయస్సు 16 ఏళ్లు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు. విశాఖపట్నంలో వారి కాపురం. ఏటా కార్తీకంలో పిల్లాజెల్లాతో అరకు వెళ్లడం వారికి అలవాటు. ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది. దిగేటప్పుడు అనంతగిరి ఘాటులో భారమంతా బ్రేకులదే గదా! సరిగ్గా ప్రయాణానికి పది రోజుల ముందు బండి ఎడమవైపుకు లాగడం మొదలుపెట్టింది. మైలేజీ తగ్గింది. ఇరవై కిలోమీటర్లు నడిచేసరికి ఏదో మాడిన వాసన, ఆ వెంటనే పెడలు మెత్తబడడం.

గరాజుకు తీసుకువెళ్లారు. అక్కడ వరుసలో గంటసేపు నిలిపేసరికి పెడలు మళ్లీ గట్టిగా ఉంది. "ఏమీ లేదండీ, బాగానే ఉంది" అన్నారు. మరోసారి వెళితే మాస్టర్ సిలిండరు మార్చారు. పెద్ద బిల్లు వచ్చింది గాని, జబ్బు మాత్రం పోలేదు. "ఏమండీ, ఈ బండిలో పిల్లలను ఎక్కించేది లేదు" అని మా అక్కయ్య తేల్చి చెప్పేసింది. ప్రయాణం ఆగిపోయింది. అప్పుడు నాకు తెలిసిన ఒక పాత మేస్త్రీ దగ్గరకు బావగారిని తీసుకువెళ్లాను.

మేస్త్రీ చేసింది చెప్పేముందు, బ్రేకు ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పాలి. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఆ సూత్రమే మన బ్రేకులకు ఆధారం. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇలాంటి బ్రేకులతో బజారులోకి వచ్చింది. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులోని ఆయిలు గొట్టాల గుండా చక్రాల దగ్గరకు ఒత్తిడిని మోసుకుపోతుంది. డిస్కు దగ్గర కాలిపరులోని పిస్టను ముందుకు జరిగి ప్యాడ్లను డిస్కుకు నొక్కుతుంది. తొక్కడానికి మన కాలి బలమూ, దానికి తోడు బూస్టరు బలమూ ఉన్నాయి. పిస్టను వెనక్కు రావడానికి మాత్రం చుట్టూ ఉన్న రబ్బరు వాషరు సాగి ముడుచుకునే పాటి బలమే దిక్కు. దారిలో కొద్దిపాటి అడ్డు ఉన్నా బ్రేకు వదలదు.

వదలని బ్రేకు డిస్కును రాసుకుంటూ వేడెక్కుతుంది. ఆ వేడి కాలిపరులోని ఆయిలుకు ఎక్కుతుంది. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. డాట్ 4 రకం ఆయిలు కొత్తది కనీసం 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని నియమం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలే. ఆయిలు మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవం నొక్కుడుపడదు, ఆవిరి నొక్కుడుపడుతుంది. కాలు లోపలికి పోవడానికి కారణం అదే. బండి చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడలు గట్టిపడుతుంది. గరాజులో గంటసేపు నిలబెట్టిన బండికి జబ్బు కనిపించకపోవడంలో వింత ఏముంది?

మేస్త్రీ ముందుగా పానా పట్టుకోలేదు. "రండి బాబుగారూ, ఒక చుట్టు తిరిగి వద్దాం" అని, భీమిలి రోడ్డు మీద బ్రేకు వీలయినంత తక్కువ వేస్తూ కొంతదూరం నడిపించాడు. దిగి, ప్రతి చక్రం దగ్గరా తాకకుండా అరచెయ్యి పెట్టి చూశాడు. ముందు ఎడమ చక్రం దగ్గర సెగ కొడుతున్నది. మిగతా మూడూ మామూలుగా ఉన్నవి.

తరువాత షెడ్డులో చక్రాలకు అడ్డుకట్టలు వేసి, ముందుభాగం జాకీ మీద లేపి, స్టాండు పెట్టాడు. నా చేత నాలుగైదుసార్లు పెడలు తొక్కించి వదిలించాడు. కుడి చక్రం తిరిగింది; ఎడమ చక్రం బిగుసుకుపోయింది. ఇక పైనుంచి కిందికి పరీక్ష. మాస్టర్ సిలిండరును బూస్టరుకు బిగించిన నట్లు కొద్దిగా వదులు చేశాడు. చక్రం కదలలేదు. అంటే బూస్టరులోని కడ్డీ సిలిండరును నొక్కిపట్టడం లేదు. వాటిని బిగించి, రబ్బరు గొట్టానికి పైన ఉన్న జాయింటు వదులు చేశాడు. అప్పుడూ కదలలేదు. దాన్నీ బిగించి, కాలిపరు మీది నిప్పిలు వదులు చేశాడు. ఆయిలు చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది!

"దొంగ ఈ రెండింటి మధ్యనే ఉన్నాడు బాబుగారూ" అని రబ్బరు గొట్టం విప్పి, కోసి చూపించాడు. పైకి ఒక్క పగులు లేదు. లోపలి పొర మాత్రం ఊడి నాలుకలా వేలాడుతున్నది. తొక్కినప్పుడు ఆయిలును పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. నిప్పిలు నుంచి వచ్చిన ఆయిలు కాఫీ డికాక్షను రంగులో ఉంది. పైన సిలిండరు మార్చినప్పుడు కొత్త ఆయిలు పోశారు గాని, చక్రం దగ్గర పాతదే మిగిలిపోయింది.

ముందు గొట్టాలు రెండూ, మాడిన ప్యాడ్లూ జతగా మార్చి, ఆయిలంతా కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీశాడు. ఖర్చు మాస్టర్ సిలిండరు బిల్లులో సగం కూడా కాలేదు.

అన్ని బండ్లకూ జబ్బు ఇదే అని కాదు సుమా! నిప్పిలు విప్పినా చక్రం తిరగకపోతే పిస్టను తుప్పు పట్టిందనో, కాలిపరు జారే పిన్నులు ఎండిపోయాయనో అనుకోవాలి. వెనుక చక్రాలు వేడెక్కితే హ్యాండు బ్రేకు తీగను చూడాలి. నాలుగు చక్రాలూ పట్టేస్తే పెడలు దగ్గర ఆట ఉందో లేదో చూడాలి. ఎవరైనా పొరపాటున ఇంజను ఆయిలు పోసి ఉంటే లోపలి రబ్బరంతా ఉబ్బిపోతుంది. చల్లని బండికి కూడా పెడలు స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి ఉన్నట్లు. కాలు అదిమి ఉంచితే నెమ్మదిగా దిగిపోతుంటే ఎక్కడో ఆయిలు కారుతున్నట్లు, లేదా మాస్టర్ సిలిండరు లోపల అరిగినట్లు.

ఘాటు దిగుతుండగా పెడలు మెత్తబడితే కంగారుపడక, పెడలును గబగబా కొట్టి ఒత్తిడి తెచ్చుకుంటూ, గేరు ఒక్కొక్కటే తగ్గించి, హ్యాండు బ్రేకు మెల్లగా లాగి, చోటు చూసి ఆపాలి. వేడి డిస్కు మీద నీళ్లు పోయకూడదు. దానంతట అదే చల్లారాలి. ఆ తరువాత కూడా బాగుచేయించనిదే కుటుంబాన్ని ఎక్కించకూడదు.

మెకానిక్కు దగ్గరకు వెళ్లేముందు నాలుగు సంగతులు చీటీ మీద రాసుకోండి: ఏ చక్రం వేడెక్కుతున్నది, బండి ఎటు లాగుతున్నది, పెడలు చల్లగా ఉన్నప్పుడు మెత్తనా, వేడెక్కాక మెత్తనా, బ్రేకు ఆయిలు చివరిసారి ఏ ఏడు మార్చారు. ఆ చీటీ చూసి మంచి మెకానిక్కు సంతోషిస్తాడు. చూడకుండానే ఖరీదైన సామాను మార్చేద్దామనే వాడయితే, బండి వెనక్కు తిప్పుకొని రావడమే మేలు.