మన గోడ పత్రిక బోర్డు కథ



పోయిన వానాకాలంలో మన గోడ పత్రిక ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. బోర్డు ఉబ్బిపోయింది, అందుకే రాలేదు. ఆ బోర్డును బాగుచేయబోయి మొదట ఇంకా పాడుచేసింది నేనే. కాబట్టి ఈ సంగతి నేనే రాస్తున్నాను.

మన బోర్డు చెక్క కాదు. దాన్ని ఎమ్.డి.ఎఫ్. అంటారు. కర్రను పీచుపీచుగా చేసి, ఎండబెట్టి, జిగురు కలిపి, వేడి మీద గట్టిగా నొక్కి పలకలాగా తయారుచేస్తారు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు అమ్మకు ఈ మాట చెప్తే, "కర్రను పిండి చేసి మళ్ళీ కర్ర చేయడమెందుకే?" అని నవ్వింది. అలా చేయడం వల్ల దానికి ముడులుండవు, నరాలుండవు, పైన నున్నగా ఉంటుంది. రంగు వేస్తే అద్దంలాగా వస్తుంది. కాని నీళ్ళంటే దానికి అసలు పడదు.

వరండాలో వాన జల్లు కొట్టి బోర్డు కింది అంచు నీళ్ళు పీల్చింది. నీళ్ళలో నానిన బన్ను రొట్టెలాగా రెండింతలు లావయింది. కాగితాలు చెమ్మగిల్లి సిరా కారిపోయింది. ఏడో తరగతి చెల్లి రాసిన పాట ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. ఇంక గోడ పత్రిక వద్దులే, నోటీసు బోర్డు ఒకటి చాలు అనే మాట కూడా వచ్చింది. అప్పుడు నాకు రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ వారమే ఆఫీసు బీరువాల తలుపులకు రంగు వేయడానికి వడ్రంగి తాత వచ్చాడు. బోర్డు చూపించాను. వేలితో అంచు నొక్కి, "అంచు నీళ్ళు తాగుతాదమ్మా, మొహం అంత తాగదు" అన్నాడు. పలకను నొక్కినపుడు పైభాగం, కిందిభాగం బాగా గట్టిపడతాయట. మధ్యభాగం కొంచెం గుల్లగా ఉంటుంది. రంపంతో కోస్తే ఆ గుల్ల భాగమే బయటపడుతుంది. గడ్డిమోపును అడ్డంగా కోసినట్టు అన్నమాట. ఒకసారి ఉబ్బిన పీచు ఎండినా మళ్ళీ దిగదు. అందుకని తాత కింద రెండు వేళ్ళ మేర కోసేశాడు. ఇప్పుడు కింది వరుస కాగితాలు కొంచెం పైకి ఎందుకు జరిగాయో మీకు తెలిసింది కదా.

ఇక నా తప్పు. తాత రెండు రోజులు ఊరికి వెళ్ళాడు. నేను ఊరుకోలేక, కిటికీ ఊచలకు వాడగా మిగిలిన ఆయిల్ ప్రైమర్ డబ్బా తీసి బోర్డంతా పూశాను. మర్నాటికి చేతికి అంటుకోలేదు, ఎండిందనుకున్నాను. తాత వచ్చి నా మాట నమ్మి దానిమీద లేకరు కొట్టాడు. కొద్ది నిమిషాల్లోనే పాల మీద మీగడ ముడతలు పడినట్టు బోర్డంతా ముడతలు. ఎందుకంటే లేకరులో ఉండే టిన్నరు చాలా ఘాటు. పైకి ఎండినట్టు కనబడుతున్నా లోపల పచ్చిగా ఉన్న ఆయిల్ రంగును అది మెత్తబరిచి లేపేస్తుంది. "ఏ రంగేసినావే?" అని అడిగాడు. నేను డబ్బా చూపించాను. తిట్టలేదు, కాని ఆ ముడతలన్నీ బ్లేడుతో గీకింది మాత్రం నేనే. మూడు సాయంత్రాలు పట్టింది.

తరువాత సరిగ్గా ఎలా చేశామో చెప్తాను. ముందు అంచుల పదును ఉప్పుకాగితంతో కొంచెం గుండ్రంగా తీశాం. మరీ పదునుగా ఉంటే రంగు అక్కడ నిలవదు, పలచనైపోతుంది. ఆ దుమ్ము చాలా మెత్తన, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి మాస్కు పెట్టుకోవాలి, తరువాత తడి గుడ్డతో కాదు, ఆరిన గుడ్డతో తుడవాలి.

అన్నిటికన్నా ముఖ్యం అంచులకు సీలు. దీనికి తాత వాడింది లక్క! మోదుగ చెట్టు, రేగు చెట్టు కొమ్మల మీద చిన్న పురుగులు రసం పీల్చి కక్కే బంక అది. దాన్ని గీకి, కడిగి, కరిగించి రేకులు చేస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు కూడా ఈ లక్కతోనే వస్తుంది. అక్కడ అంకుడు కర్రను తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం మాత్రం లక్క రేకులను స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టాం. పొయ్యి మీద పెట్టి కరిగించకూడదు, స్పిరిట్ అంటుకుంటుంది. చూడడానికి డికాషన్‌లాగా ఉంటుంది. అందులో నీళ్ళుండవు కాబట్టి పీచు ఉబ్బదు. అంచుకు పూస్తే మొదటిసారి అంతా ఇంకిపోయింది, పూసినట్టే లేదు. ఆరాక చేత్తో తడిమితే గరుకు. నున్నటి ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ పూశాం. మూడోసారికి అంచు మెరిసింది. అంటే ఇంక తాగడం లేదన్నమాట. మొహానికి ఒక్కసారే చాలింది.

దాని మీద లేకరుకు సరిపడే ప్రైమరే, అంటే టిన్నరుతో కలిపేది, రెండుసార్లు పలచగా కొట్టాడు. ప్రతిసారి ఆరాక రుద్దాలి. చివరికి లేకరు. అదీ పలచగానే. ఒకేసారి మందంగా కొడితే కారుతుంది.

ఇంకొక చిక్కు మన మంచు. లేకరులోని టిన్నరు గబగబా ఆవిరవుతూ బోర్డును చల్లబరుస్తుంది. గాలిలో చెమ్మ ఉంటే ఆ చల్లదనానికి నీరై, రంగు మీద తెల్లటి మసక కడుతుంది. అందుకే ఎండ కాసే రోజు కోసం నాలుగు రోజులు ఆగాం. వంటశాల పొయ్యిలకు దూరంగా, గ్రౌండులో కొట్టాడు. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు.

బోర్డు మళ్ళీ గోడకెక్కింది. ఈ వ్యాసం దాని మీదే చదువుతున్నారు. ఒక్క విన్నపం. దయచేసి దీనికి పిన్నులు గుచ్చకండి. ప్రతి చిల్లూ నీళ్ళకు ఒక దారి. కాగితాలకు పైన దారం కట్టాను, దానికి క్లిప్పులు పెట్టండి. ఇప్పటికే కుడిపక్కన మూడు చిల్లులున్నాయి. ఎవరు గుచ్చారో నాకు తెలుసు, పేరు రాయను. వాటిలో లక్క చుక్కలు వేశాను, రేపు ఉదయం వరకు ముట్టుకోకండి.

— తొమ్మిదో తరగతి