మీకు తెలుసా? డప్పు దరువు ఒంటికీ వినిపిస్తుంది

బోనాలప్పుడు అల్వాల్ వీధుల్లో తీన్మార్ మోగుతుంటే, చెవులు బొత్తిగా పనిచేయని మనిషికీ ఆ దరువు అందుతుంది. చర్మం లోపలి పొరల్లో పాసీనియన్ కణికలని కొన్ని ఉంటాయి. సెకనుకు సుమారు 250 సార్లు అదిరే ప్రకంపనలను అవి అన్నిటికంటే బాగా పసిగడతాయి. వెయ్యి దాటితే చేతులెత్తేస్తాయి. కాబట్టి పిల్లనగ్రోవి పైస్థాయి స్వరాలు చర్మానికి చిక్కవు. మంట మీద కాచి బిగించిన డప్పు మాత్రం దాని పరిధిలోదే.

ఇక కన్ను. వాయించేవాడి చేతిలో సిర్ర కర్ర లేచిందంటేనే దెబ్బ పడబోతోందని అర్థం. అంటే చూసేవాడికి శబ్దం పుట్టకముందే తాళం తెలుస్తుంది! చిటికెన పుల్ల కదలిక, పోతరాజు అడుగు, చుట్టూ ఊగే భుజాలు కూడా లెక్క చెబుతూనే ఉంటాయి. డీజే బాక్సు పక్కన నిలబడితే గుండెలు అదురుతాయి, కాదనను. కానీ అక్కడ చూడటానికి వాయించే చెయ్యేదీ? నా ఓటు డప్పుకే.

పుట్టుకతో వినికిడి లేనివారి చేతికి ప్రకంపనలు తగిలిస్తే, మెదడులో శబ్దాన్ని గ్రహించే భాగం కూడా చురుగ్గా పనిచేస్తుందని 2001లో అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు స్కానింగ్‌లో చూశారు. స్కాట్లండ్ డ్రమ్మర్ ఎవెలిన్ గ్లెనీకి 12 ఏళ్లకే వినికిడి దాదాపు పోయింది. చిన్నప్పుడు గురువు డ్రమ్ము వాయిస్తుంటే ఆమె గోడకు చేతులు ఆనించి స్వరాలు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. మంద్ర స్వరాలు కాళ్లకు, హెచ్చు స్వరాలు ముఖానికి, మెడకు తగులుతాయంటారు. అందుకే వేదిక మీద చెప్పులు విప్పేస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వెయ్యిమంది డ్రమ్మర్లను నడిపించింది ఆవిడే.

అన్నట్టు, బధిరులందరికీ అంతా నిశ్శబ్దమే అనుకోకండి. చాలామందికి కొంత వినికిడి మిగులుతుంది, అదీ తరచుగా మంద్ర స్వరాల వైపే. ఎంత మిగిలిందో పరీక్షించే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం అల్వాల్‌కు దగ్గర్లోనే, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. 1983లో ముంబైలో మొదలైన ఈ సంస్థ పేరులోని జంగ్ సాబ్ మన హైదరాబాదీయే, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేశారు.

ఈసారి ఊరేగింపులో బధిర మిత్రులుంటే వాయించేవాళ్ల చేతులు కనబడే చోటివ్వండి. హియరింగ్ ఎయిడ్ ఉన్నవాళ్లు డప్పు దగ్గరికి రాగానే ఎయిడ్ శబ్దాన్ని తగ్గించుకుంటే విడ్డూరంగా చూడకండి. దగ్గరి దెబ్బ చెవిలో నొప్పి పుట్టిస్తుంది మరి.