సైబరాబాద్ ఎండలో హీటర్‌కు ఏం పని?

మే నెలలో హైటెక్ సిటీ రోడ్ల మీద ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అలాంటి చోట పాత కారు డాష్‌బోర్డు కింద హీటర్ కనబడితే వింతే. కాని ఆ బండి ఇంగ్లండ్ చలిలోనో, హిమాచల్ కొండల్లోనో తిరిగి ఇక్కడికి చేరి ఉంటే, ఎవరో బయట కొని బిగించుకుని ఉంటారు.

తొలి కార్లలో చలికి దుప్పట్లే దిక్కు. ఫోర్డ్ మోడల్ ఎ రోజుల్లో పొగగొట్టం వేడితో కాగిన గాలిని లోపలికి వదిలేవారు. ఆ గొట్టానికి చిల్లు పడితే విషవాయువు కూడా వచ్చేది. తర్వాత, ఇంజన్‌ను చల్లబరిచే నీటి మీదే కన్ను పడింది. 1938లో అమెరికాలో నాష్ కంపెనీ బయటి తాజా గాలిని ఆ నీటితో కాచి పంపే పద్ధతిని తెచ్చింది. బ్రిటన్‌లో 1950లలో కూడా చాలా కార్లకు హీటర్ కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సిందే. స్మిత్స్ కంపెనీ హీటర్ పెట్టెలు అక్కడ బాగా నడిచాయి. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆ కాలపు బండే.

పెట్టె విప్పితే లోపల ఉండేది చిన్న రేడియేటర్, ఒక ఫ్యాన్. ఇంజన్ హెడ్ నుంచి ఒక హోస్ పైపు వేడి నీళ్లు తెస్తుంది, మరొకటి వాటిని వెనక్కి పంపుతుంది. అందుకే మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపు వైపు జరుగుతుంటే, తెలిసిన డ్రైవర్లు అద్దాలు దించి హీటర్ పూర్తిగా తిప్పుతారు. లోపల కూర్చున్నవాళ్లు ఉడికిపోతారు గాని ఇంజన్ కాస్త కుదుటపడుతుంది.

మరి ఇలాంటి హీటర్‌ను పాత కారు నుంచి తీసేయడం ఎందుకు? 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. హీటర్ తీయమని అందులో లేదు. కాని అసలు రూపం కోరేవారికి అది కంట్లో నలుసే. పైగా ఏళ్లనాటి హోస్ పైపులు ఎప్పుడు పగులుతాయో చెప్పలేం.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. ఇంజన్‌ను చల్లబరిచే నీటిని, అంటే కూలెంట్‌ను, టబ్బులోకి పట్టాలి. అది నేల మీద ఒలికితే తియ్యగా ఉందని కుక్కలు నాకి చనిపోవచ్చు. కొన్ని ఇంజన్లలో, వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ మూసుకుని ఉన్నప్పుడు నీరు తిరిగేది హీటర్ దారిలోనే. అలాంటి వాటిలో ఇంజన్ వైపున్న రెండు మూతులకూ ప్లగ్గులు బిగించకుండా, ఆ రెంటినీ ఒక పైపుతో కలిపేయాలి. ఫ్యాన్ వైరును బ్యాటరీ తీసేసిన తర్వాతే విప్పి, కొసకు టేపు చుట్టాలి.

తీసిన పెట్టెను పాత ఇనుముకు అమ్మడం అన్యాయం. అది కూడా ఆ కారు చరిత్రే. ఇక ఇంజన్ రేడియేటర్‌కు హీటర్ సాయం ఉండదు కాబట్టి, లోపలి తుప్పంతా కడిగించిన తర్వాతే బండిని వేసవి ట్రాఫిక్‌లోకి తీయాలి.