తొట్టి అంటే ఏమిటో మన పిల్లలకు తెలుసా?



గత డిసెంబరులో మా సండేస్కూల్ చిన్నపిల్లలను ఒక ప్రశ్న అడిగాను. "బాలయేసును ఎక్కడ పడుకోబెట్టారు?" అందరూ ఒక్క గొంతుతో, "పశువుల తొట్టిలో!" అన్నారు. "తొట్టి అంటే ఏమిటమ్మా?" అన్నాను. ఒక పాప లేచి, "ఊయల, అయ్యగారూ! మా తమ్ముడికి కూడా వేశారు" అంది. ఇంకొక బాబు, "మేడమీద నీళ్ల తొట్టి" అన్నాడు.

తప్పు పిల్లలది కాదు. తెలంగాణలో తొట్టెల అంటే ఊయలే. కుడితి తొట్టిని, పశువుల కొట్టాన్ని ఎన్నడూ చూడని పిల్లలకు ఆ మాట ఇంకెలా అర్థమవుతుంది? వాళ్లకు జవాబు కంఠతా వచ్చింది గాని మాట రాలేదు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. తొట్టి ఊయలగా మారిపోతే, లోకరక్షకుడు మన కోసం ఎంతగా తగ్గించుకున్నాడో ఆ పసి మనసుకు అందదు. గొర్రెల కాపరులకు దూత చెప్పిన ఆనవాలుకు అర్థం లేకుండా పోతుంది.

ఈ విషయంలో ఇటలీ కుటుంబాల అలవాటు మనకు ఉపయోగపడుతుంది. అక్కడ పసిపిల్లలు క్రిస్మస్ మాటలను పుస్తకంలో కన్నా ముందు ఇంట్లోనే, వస్తువులను చేతితో పట్టుకుని నేర్చుకుంటారు.

మొదటి మాట నతాలే. క్రిస్మస్‌కు వాళ్ల పేరు అదే. 'పుట్టుకకు సంబంధించినది' అనే అర్థమున్న లాటిన్ మాట నుండి వచ్చింది. "బువోన్ నతాలే" అని శుభాకాంక్షలు చెప్పిన ప్రతిసారీ ఆ బిడ్డ నోట ఒక జననం పలుకుతుంది.

రెండవది ప్రెసేపే. పశువుల కొట్టం, మేత తొట్టి అనే అర్థాలున్న లాటిన్ మాటే దీనికీ మూలం. ఇటలీలో ఆ మాట క్రీస్తు జనన దృశ్యమంతటికీ పేరైంది. 1223లో గ్రెచ్చో అనే కొండ ఊరిలో అస్సీసీ ఫ్రాన్సిస్ ఒక తొట్టిని, ఎండుగడ్డిని, ఎద్దును, గాడిదను తెప్పించి, బేత్లెహేములోని పేదరికాన్ని జనం కళ్లారా చూసేలా క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. ఇంటింటా ప్రెసేపే పెట్టే అలవాటు ఆ రాత్రిని గుర్తుచేస్తుంది. నేపుల్స్ నగరంలో సాన్ గ్రెగోరియో అర్మేనో అనే వీధి ఈ బొమ్మల తయారీకే పేరుపొందింది. చాలా ఇళ్లలో డిసెంబరు 24 రాత్రి వరకు తొట్టి ఖాళీగానే ఉంటుంది. ఆ రాత్రి శిశువు బొమ్మను అందులో పడుకోబెడతారు. అన్ని రోజులూ ఖాళీ తొట్టిని చూసిన పిల్లవాడికి ఎదురుచూడడం అంటే ఏమిటో వేరే పాఠం అక్కరలేదు.

మూడవది పస్తోరి, అంటే గొర్రెల కాపరులు. మీరు మమ్మల్ని పిలిచే 'పాస్టర్' అన్న మాటకూ, దీనికీ మూలం ఒకటే. ప్రెసేపే దగ్గర గొర్రెపిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ ఆ బొమ్మను తలుచుకుంటే, నేనెవరినో నాకు గుర్తొస్తుంది.

నాల్గవది స్టెల్లా, నక్షత్రం. చివరిది బెఫానా. జనవరి 6న వచ్చే ఎపిఫానియా పండుగ పేరే జనం నోట ఇలా మారింది. ఆ పేరుకు గ్రీకు మూలంలో ప్రత్యక్షత అని అర్థం. జ్ఞానులు దారి అడిగి తమతో రమ్మంటే, ఇంటిపని ఉందని ఆగిపోయిన ఒక ముసలమ్మ కథను అక్కడ చెబుతారు. తర్వాత పశ్చాత్తాపపడి, బాలయేసును వెదుకుతూ ప్రతి ఇంటా పిల్లలకు కానుకలు పెడుతుందట. మంచి పిల్లల మేజోడులో మిఠాయిలు, అల్లరి పిల్లలకు బొగ్గు. ఆ బొగ్గు కూడా చాలాసార్లు నల్ల పంచదార మిఠాయే!

ఇక్కడ తల్లిదండ్రులకు, సండేస్కూల్ టీచర్లకు ఒక మనవి. కథ చెప్పండి, కాని అది కథ అని చెప్పండి. బెఫానా లేఖనాల్లో లేదు. లూకా సువార్త 2వ అధ్యాయంలో ఎద్దూ గాడిదా కనబడవు. ఆ రెండింటి ప్రస్తావన యెషయా 1:3లో ఉంది. జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు. ఏది వాక్యమో, ఏది ఆచారమో చిన్ననాడే విడమరచి చెప్పకపోతే, పెద్దయ్యాక ముసలమ్మ కథతోపాటు సువార్తను కూడా కథల్లో కలిపేస్తారు. ఆ నష్టాన్ని మనం పూడ్చలేము.

బొమ్మలు మనకెందుకని కొందరు అడగవచ్చు. వాటిని పూజించమని కాదు, పాఠంగా వాడమని నా ఉద్దేశం. బొమ్మలు వద్దనుకునే సంఘాలు వస్తువులతోనే నేర్పవచ్చు.

ఇటాలియన్ మాటలు మన పిల్లలకు ఎందుకంటారా? చాలా ఇటాలియన్ మాటలు తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని పిలిచింది అందుకే. పసి నాలుకకు అవి సులభం, సరదా కూడా. అలవాటైన మాటను మళ్లీ కొత్తగా చూసేలా చేయడం వాటి అసలు మేలు. పైగా సంఘమంటే మన వీధి మాత్రమే కాదని, ఇతర భాషల్లోనూ ఆయనను స్తుతించే పిల్లలున్నారని తెలుస్తుంది.

ఈసారి డిసెంబరులో వారానికి ఒక్క మాట చాలు. మొదట తెలుగులో, తర్వాత ఇటాలియన్‌లో పలికించండి. ప్రతి మాటకూ చేతికి ఒక వస్తువు ఇవ్వండి. ప్రెసేపే వారంలో పిల్లలను పశువుల కొట్టానికి తీసుకువెళ్లండి. కుదరకపోతే ఒక పాత తొట్టిలో ఎండుగడ్డి పరచి తరగతి మధ్యలో పెట్టండి. గడ్డి గుచ్చుకుంటుందని తాకి తెలుసుకోనివ్వండి. క్రిస్మస్ వరకు దానిని ఖాళీగానే ఉంచండి.

మా సండేస్కూల్‌లో మరుసటి ఆదివారం అదే చేశాం. ఊయల అన్న పాప గడ్డిలో చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. "యేసయ్యకు గుచ్చుకోలేదా అయ్యగారూ?" అని అడిగింది.

ఆ ప్రశ్న మన పిల్లలందరి నోటా రావాలని నా ప్రార్థన. ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను దీవించును గాక. బువోన్ నతాలే!