చవుడు నేలల ఆకుకూరలు: గుర్తుపట్టే విద్య

“బతికుంటే బలుసాకు తినవచ్చు” అన్న సామెత నేడు ఓదార్పు మాటగానే వినిపిస్తున్నది. ఒకప్పుడు అది కరువు నాటి వంటింటి నిజం. ఆంధ్ర తీరంలోని ముళ్ళపొదలలో బలుసు ఇప్పటికీ కనిపిస్తుంది. లేత ఆకు కోసి వండేవారే తగ్గిపోయారు. కలుపు యాజమాన్యం పాఠంలో గలిజేరు, గంగవావిలి, పొన్నగంటి నిర్మూలించవలసిన మొక్కలు. గట్టున వాటిని ఒడిలో నింపుకొని వెళ్ళే స్త్రీకి అవే ఆ పూట కూర. ఆ గట్టుపై నిన్ననే 2,4-డి పిచికారీ జరిగినదని ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే అసలు ప్రమాదం.

తీరానికే ప్రత్యేకమైనది ఇలకూర. సువేడా ప్రజాతికి చెందిన ఈ మొక్క వరి నిలువని ఉప్పునేలలో, మడ అడవుల అంచులలో గుబురుగా పెరుగుతుంది. ఆకులు సన్నగా, గుండ్రంగా, దళసరిగా ఉంటాయి. వేర్లు పీల్చిన సోడియంను కణాలలోని రిక్తికలలో నిలువ చేసుకోవడమే ఈ దళసరితనానికి కారణం. ఎండలు ముదిరి నేలలో ఉప్పు పెరిగేకొద్దీ మొక్క ఎర్రబారుతుంది. కోతకు అనువైనవి వానల తరువాత వచ్చే లేత చిగుళ్ళు. వాటిని ఉడికించి, ఆ నీటిని పారబోసి, ఆకును గట్టిగా పిండాలి. తరువాత పప్పులో వేసినా, ఎండురొయ్యలతో వండినా వేరే ఉప్పు అవసరముండదు. నీటిని పారబోయడం వల్ల ఉప్పుతో పాటు నీటిలో కరిగే ఆక్సలేట్లు కూడా కొంత తొలగుతాయి. ఇంత చేసినా రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ కూరను సిఫారసు చేయరాదు. దీని పొరుగునే పెరిగే కొయ్యలు, అనగా సాలికార్నియా, నుండి ఉప్పు తీసే విధానాన్ని భావనగర్‌లోని కేంద్రీయ ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ రూపొందించినది.

పేర్ల తికమక చిన్నది కాదు. గలిజేరు అన్న పేరు రెండు మొక్కలకు చెల్లుతున్నది. బోర్‌హావియాకు లావైన తల్లివేరు, పొడవైన కాడలపై చిన్న పూలు, బట్టలకు అంటుకొనే జిగురుకాయలు ఉంటాయి. ట్రయాంథిమా పూలు ఆకు మొదట్లోని ఒరలో సగం దాగి ఉంటాయి. గంగవావిలిని నేలబారు నానబాలుతో పొరబడేవారూ ఉన్నారు. కాడ తుంచితే పాలు కారేది నానబాలు. గంగవావిలికి పాలుండవు, పూలు పసుపు, కాయ మూతలా విడిపోతుంది. నీటి ఎద్దడిలో పెరిగిన గంగవావిలి తెల్లవారుజామున కోస్తే మరింత పుల్లగా ఉంటుంది. రాత్రివేళ ఆకులో మాలిక్ ఆమ్లం చేరడమే ఇందుకు కారణం.

అందుచేత నేర్చుకొనేవారు తినదగినవాటి కంటే తినరానివాటిని ముందు గుర్తుపట్టాలి. మడ అడవిలోని తిల్ల చెట్టు పాలు చర్మంపై బొబ్బలు లేపుతాయి, కంటిలో పడితే చూపును దెబ్బతీస్తాయి. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు ఇసుక దిబ్బల దారిలోనే ఎదురవుతాయి. మొక్క మంచిదైనా చోటు చెడ్డది కావచ్చు. రొయ్యల చెరువుల నీరు వదిలే కాలువ, పట్టణపు మురుగు చేరే డ్రెయిను పక్కన పెరిగిన తూటికూర చూపుకు ఎంత ఏపుగా ఉన్నా కోయరాదు. ఉప్పును తట్టుకొనే మొక్కలు భార లోహాలను కూడా కూడబెట్టుకోగలవు.

పుస్తకంలోని బొమ్మ ఈ విద్యకు చాలదు. ఊరిలో ఆకు కోసే అలవాటున్న ఒక పెద్దామె వెంట ఏడాది పొడవునా తిరిగి, ఒకే మొక్కను మొలకగా, పూతలో, కాయలో, ఎండిన స్థితిలో చూడాలి. మొదటి ఏడాదికి మూడు నాలుగు మొక్కలు చాలు. ప్రతి మొక్కకు హెర్బేరియం నమూనా తయారు చేసి శాస్త్రీయ నామం నిర్ధారించుకోవాలి. నమూనా చీటీలో ఆమె పలికిన పేరును పలికినట్లే రాయాలి. ఏ నెలలో కోసినది, ఎన్నిసార్లు నీరు మార్చినది, ఎవరికి పెట్టవద్దన్నది కూడా అదే చీటీలో చేర్చాలి. ఈ చివరి మూడు వివరాలు హెర్బేరియం చీటీలలో సాధారణంగా కనిపించవు.