కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి – విచారణకు నోచుకోని ఒక ఖైదీ స్మృతి

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేట గ్రామం మన్యం విప్లవ చరిత్రలో రెండు పర్యాయాలు ప్రముఖంగా కనిపిస్తుంది. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు స్టేషనుపై దాడి జరిపి ఆయుధాలను స్వాధీనపరచుకొన్నది. 1924 మే నెలలో అదే గ్రామానికి ఆయన భౌతికకాయాన్ని మంచానికి కట్టి తీసుకొనివచ్చి అంత్యక్రియలు జరిపారు. నేడు యాత్రికులు దర్శించే సమాధి ఆ స్థలానిదే.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు సేద్యానికి అడ్డుకట్ట వేసింది. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రహదారి పనులలో సాగించిన వెట్టిచాకిరీ తిరుగుబాటుకు నిప్పు రాజేసింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దళం దాడికి స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు మరణించారు. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఒకే పోరులో ఎదురెదురుగా నిలిచినవారి సమాధులు ఒకే జిల్లాలో ఉండటం విశేషం.

తిరుగుబాటును అణచడానికి మలబారు ప్రత్యేక దళాన్ని, అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. యుద్ధానికి తగిన బలగాన్ని దింపిన ప్రభుత్వం, చేతికి చిక్కిన ప్రత్యర్థిని యుద్ధఖైదీగా చూడలేదు. నేరస్థునిగానైనా న్యాయస్థానం ముందు నిలుపలేదు. 1924 మే 7న మంప సమీపంలో పట్టుబడిన రాజును కొయ్యూరుకు తరలించగా, అక్కడ మేజర్ గుడాల్ విడిదిలో ఆయన తుపాకీ గుండ్లకు బలయ్యారు. పారిపోయే ప్రయత్నంలో మరణించారన్నది నాటి అధికారిక కథనం. చెట్టుకు కట్టి కాల్చారన్నది మన్యం ప్రజల మాట. ఏది ఏమైనా ఆయన అప్పటికే నిర్బంధంలో ఉన్నారు. కనుక ఈ మరణాన్ని 'ఎదురుకాల్పులు'గా పేర్కొనడం సమంజసం కాదు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో మంప, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరగా, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. సమాధి కూడా ఆయన పేరిటి జిల్లాలోనే ఉన్నదనుకోవడం సహజమే కాని, వార్తారచనలో ఈ భేదాన్ని పాటించవలసి ఉంది.

రాజు ముఖ్య అనుచరుడు గాం గంటందొర 1924 జూన్‌లో నేలకొరిగాడు. ఆయన సమాధి కూడా కృష్ణదేవిపేటలోనే ఉన్నది. గంటందొర సోదరుడు మల్లుదొర ప్రాణాలతో పట్టుబడి, విచారణను ఎదుర్కొని, అండమాన్ ప్రవాసశిక్ష అనుభవించి తిరిగివచ్చాడు. 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.