ఆట మలచిన బ్రతుకు

ఆట ప్రొద్దుపుచ్చుటకే యని మనము తలంతుము. కంప్యూటరు తెరపై నాడు ఆటల విషయమున ఈ తలంపు మఱింత గట్టిది. కాని దక్షిణ కొరియా దేశస్థుడైన లీ సాంగ్-హ్యోక్ జీవితమును చూచినచో మన మొకపరి ఆలోచింపవలసి యుండును.

‘ఫేకర్’ అను మారుపేరుతో ప్రసిద్ధికెక్కిన ఇతడు 1996లో జన్మించెను. ఇతడాడు ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ క్రీడలో ఐదుగురు చొప్పున రెండు జట్లు తలపడును. ఎదుటివారి స్థావరమును ముందుగా కూల్చినవారిదే గెలుపు. ఇందు వ్రేళ్ల వేగ మొక్కటియే చాలదు; తోటివారితో పొందిక, ఎదుటివారి యెత్తు నూహించు నేర్పు కావలెను.

2013లో ఇతడు ఉన్నత పాఠశాల విడిచి ఈ క్రీడనే వృత్తిగా గైకొనెను. ఆ యేడే ప్రపంచ విజేత యయ్యెను. 2025 నాటికి అట్టి విజయములు ఆరు సిద్ధించినవి. ఆ దేశమున యువకులకు సైనికసేవ నిర్బంధము. ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందినవారికి సాధారణ సేవనుండి మినహాయింపు కలదు. 2023లో హాంగ్‌జౌ నగరమున గెలిచిన జట్టులో నుండుటచే ఇతనికిని అది లభించెను.

అయితే ఇది యూరక వచ్చినది కాదు. 2016 పిదప మఱల ప్రపంచ విజయమునకు ఏడేండ్లు పట్టినది. 2023లోనే చేతి బాధచే కొన్ని వారములు ఆట మానవలసి వచ్చెను. ఒక్కడు శిఖర మెక్కిన త్రోవలో దిగువనే నిలిచిపోయినవా రనేకులు. వారి పేర్లు మన చెవిని పడవు.

కావున మన యింటి బాలుని కసరుటయు, పట్టించుకొనక విడుచుటయు తగవు. చదువు, నిద్ర, చేతికి విశ్రాంతి చెడకుండ చూతము. ఓడిన నాడు అతడు తన తప్పును వెదకుచున్నాడా, తోటివానిని దూషించుచున్నాడా? ఆట అతనిని ఎట్లు మలచుచున్నదో అచ్చటనే తెలియును.